మందు దొరికింది సరే, మొదట ఎవరి ఒంటి మీద చూశారు?

సైన్సు కథలు, నవలలు, సినిమా స్క్రిప్టులు రాస్తున్న తెలుగు రచయితలకు,

నమస్కారం.

మీ కథల్లో శాస్త్రవేత్తకి ఒక రాత్రి మందు దొరుకుతుంది, తెల్లారేసరికి ఊరు కోలుకుంటుంది. లేదంటే ఆ మందే వికటించి ల్యాబు పేలిపోతుంది, ఆయన కూడా అందులోనే పోతాడు. ఈ రెండు రకాల కథల్లోనూ ఒక ప్రశ్న అడిగేవాళ్లు ఉండరు. ఆ మందుని మొదట ఎవరి ఒంటి మీద చూశారు? వాళ్లకి చెప్పే చూశారా?

మేం ల్యాబుల్లోనూ, ప్రయోగాలకి అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీల్లోనూ పనిచేసేవాళ్లం. మీ కథలు వెతుక్కుని చదివేవాళ్లం కూడా. కథలో సైన్సు తప్పులు ఎత్తి చూపడానికి ఈ లేఖ రాయడం లేదు. కాలయంత్రం పనిచెయ్యదని మాకూ తెలుసు, అయినా ఆ కథ ఇష్టంగానే చదువుతాం. మా బాధ ఒక్కటే. కొత్తది కనిపెట్టడానికి అయ్యే ఖర్చుని మీరు తరచూ తప్పు ఖాతాలో రాస్తున్నారు.

మనకి భస్మాసురుడి కథ బాగా ఒంటబట్టింది. వరం పొందినవాడు తన నెత్తిన తనే చెయ్యి పెట్టుకుని బూడిదవుతాడు. సైన్సు మీద కథ అనుకోగానే మన కలం అటే పోతుంది. కానీ ల్యాబులో ఆ చెయ్యి ఎక్కువసార్లు పక్కవాళ్ల నెత్తిన పడుతుంది. అదీ మెల్లగా, సంతకాల మీదుగా, కొన్నేళ్లకి పడుతుంది. 1818లో వచ్చిన మేరీ షెల్లీ నవల 'ఫ్రాంకెన్‌స్టైన్' పేరు చెప్పగానే అందరికీ కుట్లు వేసిన ముఖం గుర్తొస్తుంది. మాకు మాత్రం జస్టీన్ గుర్తొస్తుంది. విక్టర్ అనే శాస్త్రవేత్త ఇంట్లో పనిచేసే అమ్మాయి. విక్టర్ తమ్ముణ్ణి చంపింది తను పుట్టించిన ప్రాణేనని విక్టర్‌కి తెలుసు. నేరం జస్టీన్ మీద పడుతుంది. నిజం చెబితే పిచ్చివాడనుకుంటారని అతను నోరు విప్పడు. ఆమెని ఉరి తీస్తారు. కనిపెట్టినవాడు ఇంకా బతికే ఉండగా పనమ్మాయి మూల్యం చెల్లించింది. మేరీ షెల్లీ ఆ ఖర్చుని సరైన ఖాతాలో రాసింది.

పేలుడు సీను సంగతి చూద్దాం. నిజమైన ప్రమాదం ఎలా ఉంటుందో ఒకటి దగ్గరగా చూడండి. 1946 మే 21, అమెరికాలోని లాస్ అలమోస్. లూయీ స్లోటిన్ అనే భౌతిక శాస్త్రవేత్త ముందు బల్ల మీద అణుబాంబులో వాడే ప్లుటోనియం లోహంతో చేసిన 6.2 కిలోల గోళం ఉంది. చూడ్డానికి బత్తాయంత. దాని చుట్టూ బెరీలియంతో చేసిన రెండు అర్ధగోళాలు, కొబ్బరి చిప్పల్లాగా. పై చిప్ప కిందికి దిగేకొద్దీ బయటికి పోవాల్సిన న్యూట్రాన్లు మళ్లీ గోళంలోకే తిరిగొస్తాయి, లోపల చర్య పెరుగుతుంది. రెండు చిప్పలూ పూర్తిగా మూసుకోకూడదు. అందుకే మధ్యలో అడ్డు బిళ్లలు పెట్టాలన్నది నియమం. స్లోటిన్ ఆ బిళ్లలు తీసేసి, స్క్రూడ్రైవర్ మొనతో పై చిప్పని ఎత్తి పట్టుకున్నాడు. అంతకుముందూ చాలాసార్లు అలాగే చేశాడు. ఆ రోజు స్క్రూడ్రైవర్ జారింది. ఒక నీలి వెలుగు, ఒక్కసారిగా వేడి. వెంటనే ఆయన చేత్తోనే పై చిప్పని పక్కకి తోసేశాడు. అంతే. పేలుడు లేదు, మంట లేదు. గదిలో ఆయనతో కలిపి ఎనిమిది మంది ఉన్నారు. ఎవరు బల్లకి ఎంత దూరంలో నిలబడ్డారో బొమ్మ గీసి, దాన్ని బట్టి ఎవరి ఒంట్లోకి ఎంత రేడియేషన్ వెళ్లిందో డాక్టర్లు లెక్కగట్టారు. స్లోటిన్ తొమ్మిది రోజుల తర్వాత, మే 30న పోయాడు. అంతకు కొన్ని నెలల ముందు, 1945లో, ఇదే గోళం మరో యువ శాస్త్రవేత్తని బలి తీసుకుంది. ఒకరు పోయాక కూడా ఈ ప్రయోగాన్ని చేతులతో చేసే అలవాటు పోలేదు. రెండోవారు పోయాకే ఆ పనిని మనుషుల చేతుల నుంచి తప్పించి, దూరం నుంచి యంత్రాలతో చేయించడం మొదలుపెట్టారు.

రాసేవాళ్లకి ఇందులో ఏం ఉందో చూడండి. నీలి వెలుగు అర నిమిషం సీను కూడా కాదు. కథంతా దానికి ముందు, వెనక ఉంది. బిళ్లలు ఎందుకు తీశాడు? చెయ్యి తిరిగినవాడికి నియమం అడ్డంకిలా కనిపిస్తుంది. పక్కన చూస్తున్నవాళ్లు ఉంటే చెయ్యి ఇంకా ధైర్యం చేస్తుంది. ఇక ఆ బొమ్మ. ఒక అడుగు వెనక నిలబడినవాడు కాగితం మీద తన చుక్కని చూసుకుంటాడు, ముందు నిలబడినవాడి చుక్కనీ చూస్తాడు. ఆ గదిలో మిగిలిన ఏడుగురి మీద ఏడు కథలు రాయొచ్చు.

మన ఇంటి సంగతికి వద్దాం. యల్లాప్రగడ సుబ్బారావుగారి మీద మనవాళ్లు చాలానే రాశారు. 1895లో భీమవరంలో పుట్టారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఎనిమిది రోజుల తేడాలో పోయారు. 1922లో బోస్టన్ చేరారు. చదువు సాగడానికి ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేసే పని చేశారు. హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి, ఆ తర్వాత కణాలకి శక్తినిచ్చే ఏటీపీ కనిపెట్టారు. హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది, బోదకాలుకి హెట్రజాన్ ఇచ్చింది. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే గుండె ఆగి పోయారు. ఇదంతా మనకి కంఠతా వచ్చు. త్యాగమూర్తి అని ముగిస్తాం.

ఇదే జీవితాన్ని ఖర్చుల వైపు నుంచి చదివి చూడండి. 1919లో ఆయనకి శేషగిరి గారితో పెళ్లయింది. మామగారు కూడా పైచదువుకి డబ్బు సాయం చేశారు. ఆయన ఓడెక్కాక కొడుకు పుట్టాడు, పసితనంలోనే పోయాడు. తండ్రి ఆ బిడ్డని చూడనేలేదు. దాదాపు 26 ఏళ్లు అమెరికాలో ఉండి, ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. ఆ 26 ఏళ్లు ఇక్కడ శేషగిరి గారు ఎలా గడిపారో మన రచనల్లో ఒక్క వాక్యంలో తేలిపోతుంది. ఆయన త్యాగం చేశారు అంటాం. త్యాగం అన్న మాట తెలిసి, ఎంచుకుని ఇచ్చినవాళ్లకి చెల్లుతుంది. ఆమెని ఎవరైనా అడిగారా? మేం ఆయన్ని తక్కువ చేయడం లేదు. ఆయన పద్ధతితో ఫాస్ఫరస్ కొలవడం నేర్చుకునే మాలో చాలామంది బయోకెమిస్ట్రీ మొదలుపెట్టారు. ఆ గౌరవంతోనే అడుగుతున్నాం. భర్త ఏటీపీ కనిపెట్టిన ఏడు ఆ ఇంట్లో సంక్రాంతి ఎలా జరిగిందో ఒక నవల రాయండి.

ఆయన పనిలోనే నైతికంగా ఇంకా బరువైన ముక్క ఒకటి ఉంది. ఫోలిక్ యాసిడ్ ఒక విటమిన్. కొన్ని రకాల రక్తహీనతలో బాగా పనిచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు దానికి దగ్గరి పదార్థాల్ని రక్తక్యాన్సర్ పిల్లలకి ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గలేదు సరికదా, ఎముక మజ్జలో క్యాన్సర్ కణాలు ఇంకా జోరుగా పెరిగాయి. ఆ పిల్లల ఒంట్లో కనిపించిన ఆ చెడు నుంచే ఆలోచన తిరగబడింది. ఈ విటమిన్ క్యాన్సర్‌కి మేత అయితే, విటమిన్‌లా కనపడుతూ దాని దారి మూసేసే పదార్థం ఇస్తే? సుబ్బారావుగారి బృందం చేసి పంపిన అమినోప్టెరిన్ అలాంటిదే. 1948 జూన్‌లో ఫార్బర్ అచ్చువేసిన వ్యాసం ప్రకారం 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందిలో మెరుగు కనపడింది. ఆ మందుతో నోట్లో పుళ్లు పడేవి. మెరుగైన పిల్లలకి జబ్బు మళ్లీ తిరగబెట్టేది. ఆ వ్యాసం శీర్షికలోనే 'తాత్కాలిక' అన్న మాట ఉంది. పిల్లల క్యాన్సర్ వైద్యం అక్కడ మొదలైంది. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ని ఇవాళ మన ఊళ్లో కీళ్లవాతానికి వారానికోసారి రాసిస్తున్నారు.

ఇక్కడ విలన్ లేడు. పిల్లలకి అప్పటికి వేరే దారి లేదు. ఫలితం చెడ్డగా వస్తే దాన్నీ రాశారు, మంచిగా వస్తే తాత్కాలికం అని రాశారు. కానీ మొదట ఆ విటమిన్ తీసుకుని జబ్బు ముదిరిన పిల్లల తల్లులు? తర్వాతి పిల్లలు నాలుగు నెలలు ఎక్కువ ఆడుకున్నారంటే అది వీళ్ల పిల్లల పుణ్యమే. ఆ సంగతి వాళ్లకి ఎవరైనా చెప్పారా, చెప్పాలంటే ఏ మాటల్లో చెప్పాలి? కథకుడు కూర్చోవాల్సింది అక్కడ, ఆ వార్డు బయట బల్ల మీద.

ఇక ఇవాళ్టి ల్యాబు. శాస్త్రవేత్త పతనం అంటే రహస్య గదిలో మనుషుల్ని కట్టేసి సూదులు గుచ్చడం అని చూపిస్తున్నారు. మేం చూసే పతనం చాలా చిన్నది. ఇలా ఉంటుందనుకోండి. ఒక గుంపులో పది చిట్టెలుకలు. మందు మొదలుపెట్టిన నాలుగో రోజు పొద్దున బోనులో రెండు చచ్చిపడి ఉన్నాయి. నీళ్ల సీసా మూతి బిగుసుకుపోయి దాహంతో చచ్చాయా, మందే చంపిందా? తెలియాలంటే వాటిని కోసి, కాలేయం, మూత్రపిండాలు కుళ్లకుండా ఫార్మలిన్‌లో వేసి, పలచని ముక్కలు తీసి, రంగు వేసి చూడాలి. వారం పైనే పని. శుక్రవారం సాయంత్రం అయింది, సోమవారం రిపోర్టు వెళ్లాలి. ఆ రిపోర్టు మీదే వచ్చే ఏడాది గ్రాంటు. నెలకి 37 వేల ఫెలోషిప్ మీద, అదీ ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యంగా వచ్చే ఫెలోషిప్ మీద బతికే రీసెర్చ్ స్కాలర్ చేతిలో పెన్ను ఉంది. 'సాంకేతిక కారణాల వల్ల రెండింటిని మినహాయించాం' అని ఒక్క వాక్యం రాస్తే చాలు, మిగిలిన ఎనిమిదింటితో గ్రాఫు చక్కగా వస్తుంది. ఆ రెండూ కాలేయం చెడి చచ్చి ఉంటే, ఆ నిజం మాయమైపోదు. రెండేళ్ల తర్వాత మనిషి ఒంట్లో బయటపడుతుంది.

ల్యాబు నోటుపుస్తకం ఎలా ఉంటుందో తెలిస్తే ఈ సీను మీరు మాకంటే బాగా రాస్తారు. పేజీలకి ముందే నంబర్లు ఉంటాయి. పెన్సిల్ వాడకూడదు. తప్పు రాస్తే చెరపకూడదు, కింద ఉన్నది కనపడేలా ఒకే ఒక గీతతో కొట్టేసి, పక్కన తేదీ వేసి సంతకం పెట్టాలి. ఖాళీ వదిలిన చోట అడ్డగీత గీయాలి. అంటే ప్రతి కొట్టివేతా సాక్ష్యమే. చింపేసిన పేజీ కూడా సాక్ష్యమే, నంబరు తప్పుతుంది కాబట్టి.

ఎలుకల సంగతి కూడా కథల్లో రాదు. ప్రయోగం బాగా జరిగినా అవి ఇంటికి పోవు. అవయవాలు తీసి చూడాలి కాబట్టి చివరి రోజు వాటిని చంపాలి. కార్బన్ డయాక్సైడ్‌ని పెట్టెలోకి మెల్లమెల్లగా వదలాలి, ఒక్కసారిగా నింపితే జంతువు బాధపడుతుంది. గుండె ఆగిందని చూసుకున్నాకే కత్తి ముట్టుకోవాలి. మిగిలింది పసుపు సంచిలో కట్టి పంపాలి. ఈ పని ఎక్కువగా జంతుశాలలో పనిచేసే మనిషి చేస్తాడు. రోజూ మేత వేసి, బోనులు మార్చి, ఏది ఎలా నడుస్తుందో చూసి గుర్తుపట్టే మనిషి. అచ్చైన పరిశోధన వ్యాసంలో అతని పేరు ఉండదు. మీ కథలోనైనా ఉండాలి. జంతు ప్రయోగాలకి అనుమతి ఇచ్చే కమిటీలో శాస్త్రవేత్తలు, పశువైద్యులతో పాటు సైన్సుతో సంబంధం లేని, సమాజం తెలిసిన ఒక సభ్యుడు ఉండాలని మన నిబంధన. మనుషుల మీద ప్రయోగాల కమిటీలో ఏడుగురికి తగ్గకుండా ఉండాలి, సగం మంది ఆ సంస్థకి బయటివాళ్లు కావాలి, న్యాయం తెలిసినవాళ్లతో పాటు ఒక మామూలు మనిషి ఉండాలి. ఆ మామూలు మనిషి రిటైరైన తెలుగు మాస్టారు అయితే? ఆయన కళ్లతో మొత్తం నవల నడపొచ్చు.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఖర్చుకి చట్టంలోనే ఒక లెక్క ఉంది. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, ప్రయోగం వల్ల మనిషి పోతే పరిహారం ఇలా కడతారు. ఎనిమిది లక్షలని వయసు సంఖ్యతో గుణించి, మళ్లీ ప్రమాద సంఖ్యతో గుణించి, 99.37తో భాగించాలి. వయసు సంఖ్య 16 ఏళ్లు మించనివాళ్లకి 228.54, 65 ఏళ్లు, ఆపైన ఉన్నవాళ్లకి 99.37. ప్రమాద సంఖ్య ఎలాగూ బతకని రోగికి 0.5, ఏ జబ్బూ లేని మనిషికి 4. లెక్క వేస్తే పైన 73 లక్షల 60 వేల దగ్గర, కింద 4 లక్షల దగ్గర తేలుతుంది. ముప్పై రోజుల్లో పోయే అవకాశం 90 శాతం ఉన్న రోగికైతే మొత్తంగా 2 లక్షలు. ఇది క్రూరమని మేం అనడం లేదు. లెక్క లేని రోజుల్లో చాలామందికి ఏమీ అందలేదు. కానీ 65 ఏళ్ల తండ్రి పోయిన ఇంట్లో కొడుకు ఈ సూత్రాన్ని ఫోనులో లెక్కబెట్టుకునే సీను ఏ కథలోనూ మాకు కనపడలేదు.

అన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ ఖమ్మం. 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేసే అధ్యయనం మొదలైంది. దాదాపు 14 వేల మంది పిల్లలు, వాళ్లలో ఎందరో వసతిగృహాల్లో ఉండి చదువుకునేవాళ్లు. మహిళా సంఘాలు ప్రశ్నించాక 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ కాలంలో జరిగిన మరణాలకి టీకాతో సంబంధం కనపడలేదని విచారణ కమిటీ చెప్పింది. టీకా మంచిదే, ప్రపంచమంతా వేస్తున్నారు, మా ఇళ్లలో ఆడపిల్లలకీ వేయించమనే చెబుతాం. తప్పు జరిగింది సమ్మతి దగ్గర. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఆ ఫారాల లెక్క ఉంది. 9,543 ఫారాల్లో 1,948 మీద వేలిముద్రలు. 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు.

ఆ 2,763 దగ్గర కాసేపు ఆగండి. వార్డెన్ రాక్షసుడు కాదు. పిల్లలకి జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లేది ఆయనే, ఆమే. పైనుంచి కాగితాలు వచ్చాయి, టీకా బయట కొనాలంటే ఖరీదు, ఇక్కడ ఉచితం. తల్లిదండ్రులు గూడెంలో ఉన్నారు, వాళ్లని పిలిపించాలంటే రెండు రోజులు. సంతకం పెడితే పిల్లలకి మంచే కదా అనిపిస్తుంది. ఆ అనిపించడం నుంచే హక్కు జారిపోతుంది, స్క్రూడ్రైవర్ జారినట్టే. మందు మంచిదై, మనిషి మంచివాడై, ఉద్దేశం మంచిదై కూడా అన్యాయం జరగగలదని చూపించడానికి ఇంతకన్నా మంచి కథావస్తువు మాకు తెలియదు. ఇప్పుడైతే పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతితో పాటు పిల్లల ఒప్పుకోలు కూడా కావాలి, ఏడేళ్లు దాటితే నోటిమాటగా, పన్నెండు దాటితే రాతపూర్వకంగా. చదువురానివాళ్లు వేలిముద్ర వేసేటప్పుడు ప్రయోగంతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి.

చివరిగా, మాకు మీ సాయం కావాలి. తెలుగులో వచ్చే సమ్మతి పత్రాలు ఇంగ్లీషు నుంచి దిగుతాయి. 'మిమ్మల్ని యాదృచ్ఛికంగా ఒక సమూహానికి కేటాయించడం జరుగుతుంది' అని ఉంటుంది. ఏ తల్లికి అర్థమవుతుంది? 'బొమ్మా బొరుసా వేసినట్టు వేసి, మీకు అసలు మందో, మందు లేని ఉత్తి మాత్రో ఇస్తాం. ఏది ఇచ్చామో మీకూ తెలియదు, ఇచ్చే డాక్టరుకీ తెలియదు' అంటే అర్థమవుతుంది. 'ప్రతికూల సంఘటనలు సంభవించిన యెడల' అనే చోట 'ఒంట్లో ఏ తేడా చేసినా' అంటే చాలు. మేం ఇక్కడిదాకా రాగలిగాం. ఈ తర్వాతి వాక్యం దగ్గర ఆగిపోయాం: ఈ మందు వల్ల మీకు మేలు జరగకపోవచ్చు, మీ తర్వాత వచ్చేవాళ్లకి జరగొచ్చు, ఇష్టం లేకపోతే మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చు, మానేసినా మీకు జరగాల్సిన వైద్యం ఆగదు. ఈ నాలుగు ముక్కల్ని భయపెట్టకుండా, ఆశపెట్టకుండా, బిడ్డని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లికి ఒక డాక్టరు ఎలా చెబుతాడు? ఒక పేజీ రాయండి. మీ కథలో పెట్టుకున్నా సరే, మా ఫారంలో వాడుకోమని ఇచ్చినా సరే.

ఇట్లు,
ల్యాబుల్లో, ఎథిక్స్ కమిటీల్లో పనిచేస్తున్న కొందరు తెలుగు పాఠకులు